విజయనగరంలో 3,600 పోసి ఉక్కపోత కొనుక్కున్నాం

రాత్రికి 3,600, ఏసీ వేస్తే మరో 400. విజయనగరంలో పాత బంగ్లాను బసగా మార్చారంటే, మే నెలయినా సరే అని బయల్దేరాం. మూర మందం గోడలు, గానుగ సున్నం, టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసే మద్రాసు టెర్రస్ కప్పు. ఇలాంటి ఇంటికి ఫ్యాన్ చాలాలి. కానీ ఆ మహానుభావులు దూలాల కింద ఫాల్స్ సీలింగ్ కొట్టించారు. వేడిగాలి బయటికి పోయే వెంటిలేటర్లన్నీ దాని వెనక్కి పోయాయి. గోడలకు సున్నం గీకేసి సిమెంటు పూత, పైన ప్లాస్టిక్ పెయింట్. సున్నపు గోడ చెమ్మను పీల్చి వదిలేస్తుంది, దీనికి ఆ దారీ లేదు. మంచం పక్కన ఉబ్బిన పెయింట్‌ను గోరుతో నొక్కితే చిట్లి, ఉప్పులాంటి తెల్లపొడి దిండు మీద రాలింది.

రాత్రి పదకొండుకి కరెంటు పోయింది. జనరేటరు లైట్లకేనట. అమ్మ వరండాలో చాపేసుకుంది. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. మేనేజర్‌ని అడిగితే "హెరిటేజ్ అంటే అలాగే ఉంటుంది సార్" అన్నాడు, "పర్యావరణ హితం" అన్న బోర్డు కిందే కూర్చుని!

పాత కట్టడాన్ని వాడుకోవడం మంచిదే, కాదనను. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7-8 శాతం. ఉన్న గోడలు నిలిస్తే ఆ మేరకు కొత్త సిమెంటు, ఇటుక తప్పుతాయి. 1713 నాటి విజయనగరం కోటలో ఇవాళ కాలేజీలు నడుస్తున్నాయిగా. కానీ గాలి దారులు మూసి గదికో ఏసీ బిగిస్తే, గోడల దగ్గర మిగిల్చింది కరెంటు మీటరు తినేస్తుంది.

కోట, గంటస్తంభం ఒక పూటలో అయిపోయాయి.

తర్వాత శ్రీకాకుళం వెళ్లాం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కణ్నుంచి ఊళ్లోకి ఆటో 300. దిగింది ఒక పెద్దాయన మండువా ఇంట్లో, గది 1,100. ఏసీ లేదు. సున్నంలో బెల్లంనీళ్లు, కరక్కాయ కలిపి గోడలు మళ్లీ పూయించాడు. "ఆ పని తెలిసిన మేస్త్రి దొరకడానికే ఆర్నెల్లు పట్టింది బాబూ" అన్నాడు. ఫ్యాన్లు మాత్రం కొత్తవి, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ మోటారువి. పాతవి 75 వాట్లు లాగితే ఇవి 30 దగ్గరే ఆగుతాయి. సోలార్ పలకలు పెంకుల మీద కాకుండా వెనక షెడ్డు మీద పెట్టించాడు. భోజనం 150, చింతచిగురు ఎండురొయ్యలు. అమ్మ అడిగి మళ్లీ వడ్డించుకుంది. మా ఆవిడ మాట కూడా అక్కడే కలిసింది.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి, వెంటిలేటర్లు తెరుచుకుంటాయా అని అడగండి. ఫోటోల్లో దూలాలు కనబడకపోతే డబ్బు కట్టొద్దు. విజయనగరం వాళ్లు గొడవపడితే ఏసీ 400 వెనక్కిచ్చారు, 3,600 మాత్రం ఇవ్వలేదు.