యాంప్లిఫయర్ పలకడం లేదా? పార్టు మార్చడం, వోల్టేజీ కొలవడం, సౌండు వెంట వెళ్లడం: ఏది మేలు?

సొంతంగా కట్టుకున్న యాంప్లిఫయర్ పలకనప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. అనుమానం వచ్చిన పార్టు పీకేసి కొత్తది వేయడం ఒకటి. కరెంటిచ్చి, మీటర్ పెట్టి, ఒక్కో కాలి దగ్గర వోల్టేజీ చూడడం రెండోది. పాటనో టోన్‌నో లోపలికి పంపి, అది ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిపోతోందో వెతకడం మూడోది. శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదివే పిల్లలు బోర్డు పట్టుకుని ఇంటికొస్తే మొదటి దారి గురించే అడుగుతారు: "మావయ్యా, ట్రాన్సిస్టర్ మారిసేస్తే పనైపోద్ది కదా?" ఒక్కోసారి అయిపోతుంది కూడా. అయినా, నేర్చుకునేవాళ్లు ముందు పట్టాల్సింది రెండో దారే అని నా గట్టి నమ్మకం. ఎందుకో చిన్న సర్క్యూట్ మీదే చెబుతాను.

12 వోల్టుల మీద, బీసీ547 అనే ట్రాన్సిస్టర్‌తో నడిచే ప్రీయాంప్ స్టేజీ (చిన్న సిగ్నల్‌ని మొదట పెంచే భాగం) తీసుకోండి. ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్లు: బేస్, కలెక్టర్, ఎమిటర్. బేస్ నుంచి పైన సప్లైకి 47 కే (47 వేల ఓంల) రెసిస్టర్, కింద గ్రౌండ్‌కి 10 కే. కలెక్టర్‌లో 3.3 కే. ఎమిటర్‌లో 1 కే, దాని పక్కనే ఒక ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. అంతా బాగుంటే, గ్రౌండ్ నుంచి కొలిచినప్పుడు బేస్ మీద 2 వోల్టులకు కాస్త పైన, ఎమిటర్ మీద 1.4, కలెక్టర్ మీద 7.4 దగ్గర చూపించాలి. బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఆ 0.6, 0.7 వోల్టు తేడా పనిచేస్తున్న ఏ సిలికాన్ ట్రాన్సిస్టర్‌కైనా ఉంటుంది. మిగతా అంకెలన్నీ ఆ ఒక్క తేడా పట్టుకుని కాగితం మీద లెక్కేసుకోవచ్చు.

ఇప్పుడు కలెక్టర్ మీద 7.4 రావాల్సిన చోట 3 వోల్టులే వచ్చిందనుకోండి. పార్టులు మార్చే అలవాటున్న చేయి నేరుగా ట్రాన్సిస్టర్ మీదికే పోతుంది. మీటర్ అలవాటున్న మనిషి మిగతా రెండు కాళ్లూ చూస్తాడు. బేస్ 2, ఎమిటర్ 2.8 ఉంటే, అంటే బేస్ కన్నా ఎమిటరే పైన ఉంటే, బేస్‌తో పని లేకుండానే కరెంటు పారిపోతోందని అర్థం. కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ లోపల షార్టయింది, ట్రాన్సిస్టర్ పోయింది. అదే బేస్ 3.6, ఎమిటర్ 2.9 ఉంటే ట్రాన్సిస్టర్ నిక్షేపంగా ఉంది. కింది 10 కే తెగిపోయింది, లేదా దాని సోల్డరింగ్ వదిలేసింది. కలెక్టర్ మీద అంకె రెండు చోట్లా ఇంచుమించు ఒకటే, జబ్బులు మాత్రం వేరు. రెండో జబ్బుకి కొత్త బీసీ547లు ఎన్ని వేసినా ప్రయోజనం ఉండదు. పైగా విప్పిన ప్రతిసారీ బోర్డు మీద రాగి పట్టీ కొంచెం లేస్తుంది.

కలెక్టర్ 12 వోల్టుల దగ్గరే నిలిచిపోయినప్పుడూ ఇదే పద్ధతి. బేస్ 2 ఉండి ఎమిటర్ సున్నా అయితే బేస్-ఎమిటర్ జంక్షన్ తెగింది. బేస్ కూడా సున్నా అయితే ముందు 47 కే వైపు చూడాలి. ఎమిటర్ మీద ఒక వోల్టుకు పైగా కనిపిస్తున్నా కలెక్టర్ కదలకపోతే ఎమిటర్ రెసిస్టర్ దారి తెగింది. ఇవేవీ కావంటే కాళ్లు సరిచూసుకోండి. చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెడితే బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని బదులు ఇంకోటి వేసేటప్పుడు తిప్పి పెట్టాలన్న సంగతి చాలామందికి గుర్తుండదు.

ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. కరెంటు ఉన్న బోర్డు మీద ప్రోబు జారి బేస్, కలెక్టర్ రెండింటినీ కలిపేసిందంటే బాగున్న పార్టు మన చేతుల్లోనే పోవచ్చు. నల్ల ప్రోబుని మొసలి క్లిప్పుతో గ్రౌండ్‌కి కరిపించి, ఎర్రదాన్ని ఒక్క చేత్తోనే వాడండి.

మరి మూడో దారి ఎక్కడ పైచేయి? అన్ని వోల్టేజీలూ సరిగ్గా ఉండి కూడా సౌండు రానప్పుడు. డీసీ కొలతకి కెపాసిటర్ తెగిపోయిన సంగతి కనిపించదు. పై సర్క్యూట్లోనే ఎమిటర్ పక్కనున్న ఎలక్ట్రోలిటిక్ ఎండిపోతే అంకెలు ఒక్కటీ మారవు, కానీ వందకు పైగా ఉండాల్సిన గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) మూడు దగ్గరికి పడిపోతుంది. ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి సౌండు దాటించే కెపాసిటర్ తెగినా అంతే, మీటర్ అంతా బాగుందనే చెబుతుంది. అక్కడ ఫోన్‌లో ఒక పాట పెట్టి, సౌండు బాగా తగ్గించి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా స్పీకర్ వైపు స్టేజీ నుంచి వెనక్కి ఒక్కో బేస్‌కి అందించుకుంటూ రండి. పాట ఎక్కడ ఆగిపోయిందో ఆ చోటుకీ, అంతకుముందు పలికిన చోటుకీ మధ్య తప్పు ఉంది. ఎల్‌ఎం386 అనే యాంప్లిఫయర్ ఐసీతో చిన్న వినే పెట్టె కట్టుకుని ఎదురు దిశలోనూ వెతకొచ్చు. బేస్‌ని వేలితో ముట్టుకుంటే వచ్చే గుయ్యిమనే మోత కూడా ఒక పరీక్షే, కానీ అది బ్యాటరీ మీదో, మంచి ట్రాన్స్‌ఫార్మర్ మీదో నడిచే చిన్న బోర్డులకే. ఇంటి 230 వోల్టులు నేరుగా దిగే బోర్డు మీద వేలూ వద్దు, ఫోనూ వద్దు.

మన జిల్లాల్లో ఇంకో మాట కలపాలి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి వాల్యూమ్ పాట్‌లు (తిప్పే కంట్రోళ్లు), జాక్‌లు, రిలే కాంటాక్టులు తొందరగా పాడవుతాయి. వాల్యూమ్ తిప్పుతుంటే గరగరమని, ఒక చోట మాత్రం సౌండు వస్తోందంటే ట్రాన్సిస్టర్ల జోలికి పోకండి. పాట్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడండి.

స్పీకర్‌ని నడిపే పవర్ స్టేజీ దగ్గర లెక్క మారుతుంది. 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్ల జతతో కట్టిన డైరెక్ట్ కప్లింగ్ (మధ్యలో కెపాసిటర్లు లేకుండా స్టేజీలు నేరుగా కలిపిన) యాంప్‌లో ఒక్క పార్టు చెడితే ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇన్‌పుట్‌కి పంపడం) వల్ల ముందు నుంచి వెనక దాకా అన్ని వోల్టేజీలూ పక్కకు జరుగుతాయి. కాలిన ట్రాన్సిస్టర్ ఒక్కటే మార్చి స్విచ్ వేస్తే కొత్తది కూడా చాలాసార్లు క్షణాల్లో పోతుంది, ఎందుకంటే అసలు తప్పు తెగిన బయాస్ డయోడ్‌లోనో (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కరెంటుని అదుపులో పెట్టేది), షార్టయిన డ్రైవర్లోనో (వాటిని నడిపే ట్రాన్సిస్టర్) ఉండొచ్చు. ఇక్కడ కరెంటు తీసేసి, మీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టి, అవుట్‌పుట్, డ్రైవర్, బయాస్ పార్టులన్నీ చూసి, 0.22 ఓం సిమెంట్ రెసిస్టర్లు కూడా చూసి, అప్పుడే ముందుకెళ్లాలి. 2ఎన్3055 లోహపు ఒళ్లే కలెక్టర్. కాబట్టి దానికీ, వేడి లాగే హీట్‌సింక్‌కీ మధ్య ఉండే మైకా (కరెంటు దాటనివ్వని పల్చటి పొర) చిరిగిందేమో కూడా చూడాలి.

తర్వాత స్పీకర్ తగిలించకుండా, మెయిన్స్‌కి వరసలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే, నిండుగా వెలుగుతూనే ఉంటే ఇంకా షార్టుంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. పాత ఫిలమెంట్ బల్బులు దొరికినప్పుడే రెండు దాచుకోండి. బల్బు మసకబారాక అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. ప్లస్, మైనస్ సప్లై ఉన్న యాంప్‌లో సున్నాకి కొన్ని పదుల మిల్లీవోల్టుల లోపే ఉండాలి, ఒకే సప్లై ఉన్నదాంట్లో స్పీకర్ దారిలోని కెపాసిటర్‌కి ముందు సప్లైలో సగం ఉండాలి. అది సరిపోయాకే స్పీకర్. 25 వోల్టుల డీసీ 8 ఓంల స్పీకర్ మీద పడితే 78 వాట్లు ఉత్త వేడి, కాయిల్ తట్టుకోలేదు.

ఐసీ బోర్డులకీ ఇదే కొలత, రెండు సంగతులు గుర్తుంటే చాలు. టీడీఏ2030 అనే యాంప్లిఫయర్ ఐసీ వెనక లోహపు రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. ఒకే సప్లై అయితే మైకా లేకున్నా పర్వాలేదు, రెండు సప్లైలు అయితే మైకా తప్పనిసరి. పీఏఎం8403 లాంటి చిన్న 5 వోల్టుల బోర్డుల్లో స్పీకర్ రెండు తీగలూ గ్రౌండ్ నుంచి 2.5 వోల్టుల దగ్గరే ఉంటాయి. అది తప్పు కాదు, బ్రిడ్జ్ అవుట్‌పుట్ (స్పీకర్ రెండు తీగల్నీ ఐసీయే నడపడం) తీరే అంత. స్పీకర్ మైనస్‌ని గ్రౌండ్‌కి కలిపితేనే తప్పు.

ఇంత చెప్పాక కూడా పార్టు మార్చడాన్ని పూర్తిగా కొట్టిపారేయను. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ముందు రోజు సాయంత్రం మైక్ సెట్ ఆగిపోతే ఓనరుకి కారణం కాదు, సౌండు కావాలి. అప్పుడు తయారుగా ఉన్న బోర్డు మార్చేసి పంపడమే న్యాయం. ఉబ్బిపోయిన ఫిల్టర్ కెపాసిటర్, నల్లగా మాడిన రెసిస్టర్ కంటికి కనిపిస్తుంటే కూడా మార్చెయ్యొచ్చు, అవెందుకు మాడాయో తర్వాత కొలుస్తామన్న షరతు మీద. ఒకేసారి నాలుగు మారిస్తే మాత్రం ఏది నయం చేసిందో తెలియదు. పేరున్న నంబర్లకి నకిలీలు కూడా తిరుగుతున్నాయి, 2ఎన్3055 వాటిలో ముందుంటుంది. కొత్తది అనగానే మంచిదనుకోకుండా వేసేముందు డయోడ్ రేంజ్‌లో చూసుకోండి.

కాబట్టి, కొత్తగా మొదలుపెడుతున్న పిల్లలకి నా సలహా ఇది: డబ్బులు తక్కువుంటే ట్రాన్సిస్టర్ల పొట్లం కన్నా ముందు ఒక పసుపు రంగు చిన్న మీటర్, ఒక బల్బు హోల్డర్ కొనండి. సర్క్యూట్ పలుకుతున్న రోజే ప్రతి కాలి వోల్టేజీ కొలిచి, బొమ్మ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. అది ఆగిపోయిన రోజున తేడా ఎక్కడుందో ఆ కాగితమే చూపిస్తుంది.