పందుల్ని లెక్కపెట్టమంటే ఫొటోలు లెక్కపెట్టింది

మా మొక్కజొన్న చేలో పడుతున్న అడవిపందులు ఎన్ని? మా బావ నలభై అంటాడు. పదిహేను దాటవని నేనంటాను. ఇద్దరం కళ్లారా చూసింది లేదు, పొద్దున్నే తొక్కేసిన చేను చూసి నోటికొచ్చిన అంకె చెప్పడమే. ఆ వాదన తేల్చుకుందామని ఈ ట్రైల్ కెమెరా కొన్నాను, అంటే కర్రకో చెట్టుకో కడితే ముందు ఏదైనా కదిలినప్పుడు తనంతట తానే ఫొటో తీసేది. కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా నలభై ఒక్క రాత్రి చేలోనే ఉంది. ఐదుకు మూడు స్టార్లు. కంపెనీ పేరు రాయడం లేదు, నా ఫిర్యాదుల్లో సగం ఈ రకం కెమెరాలన్నిటికీ వర్తిస్తాయి.

మొదటి మూడు రోజుల్లో తొమ్మిది వందల ఫొటోలు వచ్చాయి. అన్నీ ఆకులే. దీని సెన్సార్ జంతువును చూడదు, కదిలే వేడిని పసిగడుతుంది. చల్లబడ్డ చేలో పంది ఒళ్లు వెచ్చగా ఉంటుంది కాబట్టి రాత్రి బాగానే పట్టుకుంటుంది. మధ్యాహ్నం ఎండకు కాగిన ఆకు గాలికి ఊగినా దాని లెక్కలో జంతువే. కెమెరా ముందు నాలుగు బారల మేర మొక్కల ఆకులు విరిచేసి, మొహం ఉత్తరానికి తిప్పాక ఆ బాధ చాలావరకు పోయింది. ఇంకో తప్పు నాది. మనిషి ఛాతీ ఎత్తులో కట్టాను. పెద్ద పందుల వీపులు కనిపించాయి, పిల్లలు కిందనుంచే వెళ్లిపోయాయి. మోకాలి ఎత్తుకు దించాక అసలు మంద బయటపడింది.

రాత్రి ఫ్లాష్ 940 నానోమీటర్ల పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతి రకం. కంటికి వెలుగు కనిపించదు, దొంగలకీ తెలియదు. 850 రకంలో అయితే లైట్లు సన్నగా ఎర్రగా కనిపిస్తాయి, వెలుగు మాత్రం ఎక్కువ దూరం పోతుంది. నా దాంట్లో పదిహేను మీటర్లు దాటితే పందో రాయో చెప్పలేం. బ్యాటరీలు ఎనిమిది పడతాయి. రీఛార్జబుల్ వేసి చూశాను, తెల్లవారుజాము ఫొటోలు మసకబారాయి. బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ తేదీ, టైము మొదటికి వచ్చేస్తాయి. ఇది నేను క్షమించలేని లోపం. ఒకసారి సరిచేయడం మర్చిపోయి మూడు రాత్రుల టైములు పోగొట్టుకున్నాను.

ఇక అసలు విషయం. ‘ఎన్ని జంతువులు వచ్చాయో యాప్ చెబుతుంది’ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాశారు. ఒక రాత్రికి అరవై మూడు పందులని చెప్పింది! మా బావ మొహం వెలిగిపోయింది. నాకు నమ్మకం కుదరక ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూశాను. చిరిగిన చెవి ఉన్న ఆడపంది ఒకటి, దాని వెనక ఒంటి మీద చారలున్న పిల్లలు ఆరు. రాత్రి పదకొండుకు లోపలికి పోయాయి, పన్నెండున్నరకు అటూ ఇటూ తిరిగాయి, మూడింటికి బయటికి వచ్చాయి. యాప్ ప్రతి ఫొటోలో కనిపించిన తలల్నీ కూడుకుంటూ పోయింది. ఆ ఆడపంది ఒక్కటే తొమ్మిది పందులైంది.

మా అన్న కూతురు జంతుశాస్త్రం చదువుతోంది. ఫోన్ చేసి అడిగితే నవ్వింది. ‘బాబాయ్, పులికైతే ఒంటి చారలు దేనివి దానివే. పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ గారు 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో కెమెరా ఫొటోలతో పులుల సంఖ్య అంచనా వేసింది ఆ చారల ఆధారంతోనే. ఎదిగిన పందులన్నీ ఒకేలా నల్లగా ఉంటే ఏది ఏదో ఎలా చెబుతావు?’ అంది. పిల్లల చారలు కూడా కొన్ని నెలల్లో మాసిపోతాయట. గుర్తులు లేని జంతువులకు 2008లో వచ్చిన లెక్క ఒకటుందట. ఎన్నిసార్లు కెమెరాకు చిక్కాయి, జంతువు రోజుకు ఎంత దూరం నడుస్తుంది, సెన్సార్ ఎంత దూరం, ఎంత వెడల్పు పట్టుకుంటుంది, ఇవి తెలిస్తే చాలు. కానీ దానికి చాలా కెమెరాలు కావాలి, వాటిని ఎక్కడపడితే అక్కడ గుడ్డిగా పెట్టాలి. నేనేమో కంచె తెగిన చోట, సరిగ్గా పందుల దారి మీదే పెట్టాను. ఊరి జనాభా ఎంతో చెప్పడానికి బస్టాండ్‌లో కూర్చుని లెక్కపెట్టినట్టు.

నాలాంటివాడు నమ్మకంగా చెప్పగలిగింది ఒక్కటే, ఒకే ఫొటోలో కనిపించిన అతి పెద్ద సంఖ్య. నాకు తొమ్మిది వచ్చింది. అందులో లేని, కోర విరిగిన ఒంటరి మగపంది వేరే ఫొటోలో ఉంది. అంటే కనీసం పది. బావకు చెప్పాను. ‘మూడుసార్లు తిరిగి తింటే నష్టం ముప్పై పందులదే కదా!’ అన్నాడు. కాదనలేకపోయాను.

మూడు స్టార్లు ఎందుకిచ్చానంటే, అడగనివి రెండు చెప్పింది. నేను రాత్రి పది దాకా మంచె మీద కాపలా ఉండి వచ్చి పడుకునేవాణ్ణి. నలభై ఒక్క రాత్రుల్లో పదిలోపు పంది వచ్చింది రెండే రెండుసార్లు. ఇన్నాళ్లూ నేను కాపలా కాసింది దోమలకి. రెండోది ముళ్లపంది. తూర్పు గట్టు వెంబడి మొక్కల మొదళ్లు కొరికి పడేసిన పని అడవిపందులదే అనుకున్నాను. ఫొటోలో ముళ్లు విప్పుకుని తీరిగ్గా నములుతోంది.

ఇరవై ఆరో రాత్రి ఆ మగపంది కర్రకు ఒళ్లు రాసుకుని కెమెరాను ఆకాశం వైపు తిప్పేసింది. తర్వాత మూడు రోజులూ మబ్బుల ఫొటోలే. కాబట్టి కర్ర లోతుగా పాతండి, కెమెరాతో వచ్చిన బెల్టును నమ్మకండి.

మొన్న బావ కూడా ఒక కెమెరా కొని తెచ్చాడు. వచ్చే పంటకు ఒకటి ఉత్తరం గట్టున, ఒకటి తూర్పు గట్టున. రెండిటి గడియారాలూ పక్కపక్కన పెట్టి ఒకే నిమిషానికి సరిచేశాం. చిరుగు చెవిది ఒకేసారి రెండు గట్ల మీదా ఉండలేదు కదా.