దిగను అన్నోడికి దావ ఉందా? గుల్మార్గ్ నుంచి జాక్సన్ హోల్ దాకా బ్లాక్ రన్లు

స్కీయింగ్‌లో బ్లాక్ రన్, అంటే అన్నిటికన్నా కష్టమైన దావ, అనంగానే మా అనంతపురం ఫ్రెండ్స్ అందరూ ముందు అడిగేది ఒకటే, ఎంత నిట్టనిలువుగా ఉంటాదప్పా అని. నేను చూసే లెక్క వేరే. పైకి పోయినాక ధైర్యం చాలకపోతే, గాలి లేచి ఏమీ కనపడకపోతే, నాకొద్దు నేను దిగను అనేవాడికి ఇంకో దావ ఉందా లేదా, పడితే ఎత్తుకొచ్చే మనుషులు ఉన్నారా లేదా, రాత్రికి తడిసిన బూట్లు ఆరబెట్టుకునే రూమ్ ఉందా లేదా. ఈ మూడూ ఉంటే ఎంత ఏటవాలు ఉన్నా పోవచ్చు, లేకపోతే చిన్న స్లోప్ కూడా వద్దు అంటా నేను.

మా బావది కడప, నాది అనంతపురం, ఇద్దరం ఉద్యోగాలు బెంగళూరులోనే, చలికాలం వచ్చిందంటే లీవులు దాచిపెట్టుకొని యాడో ఒక మంచుకొండకి పోతాం. కాళ్లకి కట్టెలు కట్టుకొని జారేదానికి ఇన్ని లక్షలా నాయనా అని మా అత్త ప్రతి తూరీ అంటాది, దానికి మా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

మొదట గుల్మార్గ్. మన అనంతపురం పక్కన పోయే 44 నంబర్ హైవే ఉంది కదా, కర్నూలు మీదుగా పోయేది, దాని పైకొస శ్రీనగరే. ఆడి నుంచి గుల్మార్గ్ 50 కిలోమీటర్ల చిల్లర. మంచు బాగా పడితే తంగ్‌మర్గ్ దగ్గర బండి ఆపేసి టైర్లకి చైన్లు ఉండే బండిలోకి మారమంటారు, బేరం ఆడే మొదలవుతాది, పైకి పోయేది 13 కిలోమీటర్లే అయినా రేటు మాత్రం నోటికొచ్చింది చెప్తారు, అందుకే హోటలోళ్లతోనే ముందే మాట్లాడుకొని పిక్‌అప్ పెట్టించుకోండి. ఊరు 2650 మీటర్ల ఎత్తులో ఉంటాది, గొండోలా, అంటే తీగ మీద పోయే కేబుల్ కార్, రెండు ఫేజులు, మొదటిది కొంగ్‌డూరి దాకా, రెండోది అఫర్వత్ కొండ మీదికి, దగ్గర దగ్గర 3950 మీటర్లు. అంటే పైనుంచి ఊరి దాకా 1300 మీటర్లు దిగొచ్చు, యూరోప్‌లో పేరున్న రిసార్టులు శానా వాటికి కూడా ఇంత ఉండదు.

కానీ తెలుసుకోవాల్సింది ఏందంటే పైన రన్లు మెషీన్‌తో చదును చేసినవి కాదు, ఉత్త కొండ, మోకాలి లోతు మెత్తటి మంచు, కింద దేవదారు చెట్లు. చెట్ల మధ్య స్పీడ్ మీద పోయేటప్పుడు చెట్టుని చూడకూడదు, రెండు చెట్ల మధ్య ఖాళీని చూడాల, ఎందుకంటే కన్ను యాడికి పోతే స్కీ ఆడికే పోతాది. ఇది మా గైడ్ చెప్పింది, కాశ్మీరీ పెద్దాయన, మాట తక్కువ, దిగే ముందు మా బీకన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో ఒక్కొక్కరి ఎదురుగా నిలబడి చెక్ చేసి గానీ కదలనీయలేదు. బీకన్ అంటే మంచు కింద పూడిపోతే సిగ్నల్ ఇచ్చే చిన్న డబ్బా, దాంతో పాటు పొడుగు కడ్డీ, పార కూడా బ్యాగులో ఉండాల, పూడినోడిని పదిహేను నిమిషాల లోపల తియ్యకపోతే బతికే ఆశ బాగా తగ్గిపోతాది. 2024 ఫిబ్రవరిలో అదే కొండ మీద హిమపాతంలో ఒక విదేశీ స్కీయర్ చనిపోయినాడు. ఆడ కొండ మీద కాపలా తిరిగే స్కీ పెట్రోల్ టీమ్ ఉంది, రోజూ మంచు పరిస్థితి మీద రిపోర్ట్ ఇస్తారు, అది చదవకుండా పైకి పోవద్దు. దిగను అనుకుంటే అదే గొండోలా ఎక్కి వాపసు రావచ్చు, కాకపోతే గాలి ఎక్కువైతే రెండో ఫేజు ఆపేస్తారు, కాబట్టి మబ్బులు కమ్ముతుంటే తొందరగా తేల్చుకోవాల.

స్టే విషయం. మేము దిగిన హోటల్ పేరు చెప్పను, వేడినీళ్లు పొద్దున ఒక గంట మాత్రమే, అది కూడా అడిగితేనే, అద్దె బూట్లు రెండూ వేరే వేరే సైజులు ఇచ్చి అడ్జస్ట్ అయితాయి సార్ అన్నాడు. కానీ రూమ్‌లో బుఖారీ పొయ్యి, పరుపు మీద ఎలక్ట్రిక్ దుప్పటి, పొద్దున్నే కహ్వా అనే కాశ్మీరీ టీ, ఇవి మాత్రం బలే. ఇంకోటి, మంచుకి గ్యారంటీ లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ అంతా గడ్డి కనపడింది, బుక్ చేసుకున్నోళ్లు లబోదిబోమన్నారు. ఫిబ్రవరి అయితే రోంత నమ్మకం.

ఆస్ట్రియాలో మైర్‌హోఫెన్ దగ్గర హరాకిరి అని ఒక రన్ ఉంది, పెంకెన్ కొండ మీద, 78 శాతం వాలు అని బోర్డే పెట్టినారు. శాతం అంటే కంగారు పడొద్దు, 100 శాతం అంటే 45 డిగ్రీలు, ఆ లెక్కన 78 అంటే 38 డిగ్రీలు. పై అంచు మీద నిలబడితే ముందర వాలు కనపడదు, స్కీ కొనలు గాల్లో ఉంటాయి, వాటి అవతల కింద లోయలో ఊరి కప్పులు. మొదటి మలుపు తిప్పేదాకానే భయం. దీన్ని మెషీన్‌కి పైనుంచి వైరు కట్టి లాగుతూ చదును చేస్తారు కాబట్టి రాత్రి చేసిన గీతలు పొద్దున దాకా నీటుగా ఉంటాయి, మంచు మెత్తగా ఉండే పూట మంచి ఇంటర్మీడియట్ స్కీయర్ కూడా నిదానంగా దిగేయొచ్చు. మేము పోయిన మొదటి పూట మాత్రం గట్టి ఐస్, స్కీ అంచు గీసుకుంటా గరగరమని శబ్దం, ముందు ఒకామె పడింది, పడి ఆగలేదు, అట్లనే కింద దాకా జారిపోయింది, లేచి నిలబడి చెయ్యి ఊపింది కాబట్టి సరిపోయింది. ఈ రన్‌లో అసలు డేంజర్ అదే, పడినాక ఆగేదానికి ఏమీ ఉండదు. వద్దనుకునేవాడికి పక్కనే వేరే పిస్టులు, అంటే చదును చేసి గుర్తు పెట్టిన దావలు, ఉన్నాయి, ఎవరూ ఏమీ అనుకోరు.

సర్వీసులకి మాత్రం మైర్‌హోఫెనే ఫస్ట్. యెన్‌బాఖ్ స్టేషన్ నుంచి చిన్న రైలు లోయలో పోతాది, స్కీ బస్సు పాస్ ఉంటే ఫ్రీ, మేము దిగింది ఒక కుటుంబం నడిపే పెన్షన్ అనే చిన్న లాడ్జిలో, బ్రెడ్డూ జున్నూ గుడ్లూ కడుపునిండా పెట్టినారు, బూట్ల రూమ్‌లో వేడిగాలి గొట్టాలు, పొద్దునకి బూటు లోపల వెచ్చగా. మా బావ బీఫ్ తినడు, అయినా పస్తు ఉండే పని పడలేదు, జున్ను వేసిన నూడుల్స్, పెనం మీద ముక్కలు చేసిన తీపి అట్టు కొండమీద గుడిసెల్లో దొరుకుతాయి. నాలుగో రోజు నుంచి ఊరగాయ సీసా బయటికి తీసినాం, అది వేరే సంగతి.

కిట్స్‌బ్యూల్ కూడా దగ్గరే కాబట్టి స్ట్రైఫ్ అనే రేసు రన్ చూసొచ్చినాం. జనవరిలో ప్రపంచ కప్ డౌన్‌హిల్ రేసు జరిగేది దీని మీదే, 3312 మీటర్ల పొడవు, మౌసెఫాలె అనే చోట వాలు 85 శాతం, 1997లో ఫ్రిట్స్ స్ట్రోబుల్ 1 నిమిషం 51.58 సెకన్లలో దిగినాడు. మాబోటోళ్ల కోసం ఆ నిట్టనిలువు చోట్లని తప్పించే ఫ్యామిలీ స్ట్రైఫ్ ఉంది. మేము దాంట్లోనే వచ్చినాం, ఆ 1 నిమిషం 51 సెకన్లలో మేము మొదటి మలుపు దాటినామో లేదో డౌటే. ఊరు మాత్రం బాగా రేటు.

ఇప్పుడు లా శావనెట్. ఫ్రాన్స్‌లో అవోరియాజ్ వైపు నుంచి ఎక్కితే స్విట్జర్లాండ్‌లో లే క్రోసే వైపు దిగేది, స్విస్ వాల్ అంటారు. శాతాల లెక్కన చూస్తే హరాకిరికి అటూఇటూగానే, కానీ కష్టం పది రెట్లు. ఎందుకంటే దీన్ని ఎవరూ చదును చెయ్యరు, వందల మంది తిరిగిన చోటే తిరిగి తిరిగి మంచు గుట్టలు గుట్టలు అయిపోతాది, సీజన్ మధ్యలో ఒక్కో గుట్ట పండుకున్న ఎనుమంత ఉంటాది, రెండు గుట్టల మధ్యలో మనిషి నడుము దాకా కనపడడు. ప్రతి గుట్ట మీద మలుపు తిప్పాల, ఒకటి తప్పితే రెండోదాని మీదికి పోయి పడతాం. 330 మీటర్ల ఎత్తు అట్లనే దిగాల, తొడలు మండిపోతాయి.

దీనికి మేము ప్రాక్టీస్ చేసింది గుత్తి కోటలో. అనంతపురంలో మంచు యాడిది, కానీ ఆదివారాలు కోట ఎక్కి, వీపున బరువు పెట్టుకొని నిదానంగా దిగితే తొడ కండరానికి అదే పని పడతాది, ఎక్కేదాని కన్నా దిగేదే ముఖ్యం. జిమ్ కన్నా ఇదే బాగా పనికొచ్చింది.

శావనెట్ మీద నాకు బాగా నచ్చింది, దిగలేనోళ్లు అదే చెయిర్‌లిఫ్ట్ మీద కూర్చొని కిందికి పోవచ్చు. మా బావ అంచు దాకా వచ్చి, బోర్డు చదివి, గుట్టలు చూసి, బామ్మర్దీ నేను కుర్చీలో వస్తా నువ్వు పో అన్నాడు. కుర్చీలో కూర్చొని నా ఫోటోలు తీసినాడు, అన్నిట్లోనూ నేను పడే ఉన్నా. అవోరియాజ్‌లో కార్లు ఉండవు, రూమ్ నుంచి బయటికొచ్చి అట్లనే స్కీ వేసుకోవచ్చు, కానీ అపార్ట్‌మెంట్ల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి, కిందుండే మోర్జీన్‌లో దిగితే రోంత చవక, జెనీవా నుంచి రెండు గంటల లోపే. పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకోండి, మధ్యాహ్నం భోజనం ఒక దేశంలో, టీ ఇంకో దేశంలో.

ఫ్రాన్స్‌లోని శామొనీలో వాలీ బ్లాంష్ అనే హిమనదం దావ మాత్రం నా లెక్కకి అన్నిటికన్నా భయపడాల్సింది, వాలు చూస్తే పెద్దగా లేకపోయినా. ఎగ్వీ దు మిదీ కేబుల్ కార్ 3777 మీటర్లకి తీసుకుపోతాది, ఆడ మంచు సొరంగం దాటి బయటికొస్తే సన్నటి గట్టు, స్కీలు వీపున కట్టుకొని, బూట్లకి ఇనుప ముళ్లు తగిలించుకొని, గైడ్ తాడుకి కట్టుకొని నడవాల, రెండు పక్కలా లోయే. నిర్ణయం తీసుకోవాల్సింది ఆ గట్టు ముందరే, ఆడి నుంచి వాపసు కేబుల్ కార్ ఎక్కొచ్చు, గట్టు దిగినాక ఇంక ఉండేది హిమనదమే. దగ్గర దగ్గర 20 కిలోమీటర్లు, పైకి మెత్తటి మంచు, దాని కింద యాడ చీలిక ఉందో పైనుంచి తెలీదు, అందుకే స్కీ చేస్తున్నంతసేపూ తాడు తగిలించే నడుము పట్టీ (హార్నెస్) తియ్యకూడదు, గైడ్ పోయిన గీత మీదే పోవాల. గైడ్ లేకుండా పోయేవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి నేనేం చెప్పను. శామొనీ గైడ్ల సంఘం 1821 నుంచి ఉంది, ఫీజు గట్టిగానే తీసుకుంటారు, నలుగురైదుగురు కలిసి పంచుకుంటే భరించొచ్చు. చివర్లో హిమనదం ఏడాదికేడాది కరిగి కిందికి పోతా ఉంది కాబట్టి మోంటన్‌వేర్ రైలు అందుకునేదానికి మళ్లీ పైకి లిఫ్ట్ ఎక్కాల. దావలో కొండగోడ మీద ఏ సంవత్సరం మంచు యాడిదాకా ఉండేదో పలకలు పెట్టినారు, మా బావ వాటిని చదువుకుంటా నిలబడితే గైడ్ కేకలేసినాడు.

అమెరికాలో జాక్సన్ హోల్‌లో కార్బెట్స్ కూలువార్. ట్రామ్ (ఆడ కేబుల్ కార్‌ని అట్లంటారు) దిగి నాలుగడుగులు వేస్తే ఆ అంచు. రెండు రాతిగోడల మధ్య సందు, లోపలికి పోవాలంటే జారేది కాదు, దూకాల, మంచుని బట్టి పది ఇరవై అడుగులు, దూకి పడే చోటు 50 డిగ్రీల వాలు, పడంగానే కుడిపక్క మలుపు తిప్పకపోతే ఎదురుగా రాయి. బారీ కార్బెట్ 1960లో దీన్ని చూసి ఎవరో ఒకరు ఇది దిగుతారు అన్నాడంట, 1967లో లోనీ బాల్ అనే స్కీ పెట్రోల్ కుర్రోడు దిగినాడు. మేము దూకలేదు, దూకే ఉద్దేశం కూడా లేదు. అంచు మీద అరగంట నిలబడి దూకేవాళ్లని చూసినాం, పన్నెండు పదమూడేళ్ల పిల్ల ఒకటి ఎంత సులువుగా పోయిందంటే మాకు సిగ్గేసింది. పక్కనుంచి రాండెవూ బౌల్‌లో హాయిగా దిగొచ్చు. పైన క్యాబిన్‌లో వాఫుల్స్ మాత్రం వదలొద్దు. టికెట్ సీజన్ మధ్యలో రోజుకి 200 డాలర్లు దాటుతాది, అమెరికాలో ఉండే మనోళ్లు సీజన్ పాస్ ఉంటేనే ఆలోచించండి, ఇండియా నుంచి ఇదొక్కటే చూసేదానికి పోవడం దండగ.

ఇన్సూరెన్స్ విషయంలో జాగ్రత్త. మనం మామూలుగా తీసుకునే ట్రావెల్ పాలసీల్లో స్కీయింగ్ ఉండకపోవచ్చు, ఉన్నా గుర్తు పెట్టిన పిస్ట్ బయట పడితే ఇయ్యం అని చిన్న అక్షరాల్లో రాసుంటాది. హెలికాప్టర్ వచ్చిందంటే బిల్లు వేల యూరోల్లో. ఫ్రాన్స్‌లో లిఫ్ట్ పాస్ కొనేటప్పుడు రోజుకి మూడు నాలుగు యూరోలు ఎక్కువ కడితే రెస్క్యూ కవర్ ఇస్తారు, అది కౌంటర్‌లోనే అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

స్కీలు, కర్రలు, హెల్మెట్ ఎక్కడైనా అద్దెకి తీసుకోవచ్చు, బూట్లు మాత్రం సొంతంగా కొనుక్కోండి, బెంగళూరు నుంచి ఫ్లైట్‌లో చేతి సామానులోనే పెట్టుకోండి, లగేజీలో వేసి అది రాకపోతే ట్రిప్పంతా అద్దె బూట్లతో తిప్పలు పడాల. ఇంతకుముందు స్కీ తొక్కనోళ్లు ఇవన్నీ చూసి నేరుగా యూరోప్ టికెట్ తియ్యొద్దు, గుల్మార్గ్‌లోనే 1968 నుంచి ప్రభుత్వ స్కీయింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, దాంట్లో కోర్సు చేసి, కొంగ్‌డూరి కింద స్లోపుల్లో కావాల్సినన్ని తూర్లు పడి లేచి, ఆ తర్వాత అఫర్వత్ టికెట్ తీసుకోండి. గొండోలా టికెట్లు ఆన్‌లైన్‌లోనే ముందుగా తియ్యాల, ఆడికి పోయినాక చూద్దాంలే అంటే కుదరదు.