సెమిలిగూడలో ఏడు చలికాలాలు: మా సోలార్ వాటర్ హీటరు

కొరాపుట్ జిల్లా సెమిలిగూడ చలి గురించి సాలూరు, బొబ్బిలి వైపు ఉండే మా చుట్టాలకు చెబితే నవ్వుతారు. ఘాటెక్కి వచ్చి డిసెంబరులో ఒక రాత్రి పడుకుని లేచాక మాత్రం స్నానం ఊసెత్తరు. అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం ఉండే మా ఇంట్లో అప్పట్లో 25 లీటర్ల గీజరు ఒక్కటే ఉండేది. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మా జిల్లాలోనే ఉన్నా, చలికాలం పొద్దున్నే వీధిలో అందరూ గీజర్లు వేసేసరికి ఓల్టేజీ పడిపోయి, మూడో మనిషికి నీళ్లు కాగేలోపు పిల్లల బడి బస్సు వెళ్లిపోయేది. ఆ బాధ పడలేక 2018 నవంబరులో 32,000 రూపాయలు పెట్టి 200 లీటర్ల సోలార్ వాటర్ హీటరు పెట్టించాను. ఈ రకం హీటర్లన్నిటిలో లోపలి అమరిక దాదాపు ఒక్కటే కనుక కంపెనీ పేరు రాయడం లేదు.

మాది గాజు ట్యూబుల రకం. 58 మిల్లీమీటర్ల లావు, 1800 మిల్లీమీటర్ల పొడవు గల 20 ట్యూబులు దక్షిణం వైపు ఏటవాలుగా ఉండి, వాటి తలలు పైనున్న ట్యాంకులోకి దూరి ఉంటాయి. ప్రతి ట్యూబూ ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గాజు గొట్టాలు. నడుమ గాలి తీసేసి ఉండటం వల్ల లోపల పుట్టిన వేడి ఫ్లాస్కులో కాఫీ వేడిలాగే నిలుస్తుంది. కాగిన నీరు తేలికై ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లనిది ట్యూబులోకి దిగుతుంది, మోటారుతో పని లేదు. నేను మొదట భయపడింది ఇక్కడి మంచుకు. ఉదయం తొమ్మిదింటి దాకా ఎదురింటి గేటు కూడా కనిపించని రోజులుంటాయి. అయినా పదింటికి ఎండ పొడిస్తే చాలు, సాయంత్రానికి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు వస్తున్నాయి. తెల్లవారేసరికి వేడి కాస్త తగ్గినా చన్నీళ్లు కలుపుకోవలసే వస్తుంది. వానాకాలంలో వరసగా మూడు రోజులు ముసురు పట్టిందంటే మాత్రం ట్యాంకులో ఉన్న 2 కిలోవాట్ల కరెంటు కాయిలే దిక్కు. ఆ స్విచ్చు రాత్రంతా వేసి ఉంచితే ఎవరూ వాడని నీళ్లు కూడా కాగుతూనే ఉంటాయన్న సంగతి మొదటి ఏడాది జులై బిల్లు చేతికి వచ్చాక తెలిసింది.

అమ్మినవారు చెప్పనిదీ, అడగాలని నాకు తోచనిదీ పైపు పొడవు. బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు వీలుగా ఉందని ముందువైపు మెట్లగది మీద స్టాండు నిలబెట్టారు. స్నానాల గదులు రెండూ ఇంటి వెనక ఉన్నాయి. ట్యాంకు నుంచి కుళాయి దాకా 18 మీటర్ల ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు పడింది. అలాంటి పైపులో మీటరుకు పావు లీటరుకు కాస్త ఎక్కువ నీరు నిలుస్తుంది. అంటే కుళాయి తిప్పిన తరువాత నాలుగున్నర లీటర్లకు పైగా చన్నీళ్లు పోతే తప్ప వేడి నీళ్లు రావు. ఒకరి తరువాత ఒకరు వెంటవెంటనే స్నానం చేస్తే మొదటివారికే ఈ తంటా. అరగంట ఎడం వస్తే పైపులో నీళ్లు చల్లారి మళ్లీ మొదటికి వస్తుంది. మా ఇంట్లో పూటకు పదిహేను, ఇరవై లీటర్లు అలా కాలవపాలయ్యేవి. వేసవిలో బోరు అడుగంటే వీధిలో ఉంటూ, కరెంటు మిగిల్చామన్న సంబరంలో ఈ నీళ్ల సంగతి రెండేళ్లు పట్టించుకోలేదు. చివరకు మా అమ్మే కుళాయి కింద ఖాళీ బకెట్టు పెట్టి, అది నిండితే తప్ప చన్నీళ్ల కుళాయి ముట్టుకోవద్దని అందరికీ ఆంక్ష పెట్టింది. ఆ నీళ్లతోనే ఇల్లు తుడవడం, గిన్నెలు తొలవడం జరిగిపోయేవి.

2022లో 4,500 రూపాయలు ఖర్చుపెట్టి స్టాండును వెనకవైపు, సరిగ్గా స్నానాల గదుల పైకి మార్పించాను. పైపు 7 మీటర్లకు తగ్గింది, దానికి నల్ల ఫోము తొడుగు కూడా వేయించాను. ఇప్పుడు రెండు లీటర్ల లోపే వేడి నీళ్లు అందుతున్నాయి. ఈ మార్పులో ఒక చిక్కు ఎదురైంది. డిసెంబరు చివరి వారంలో మా ప్రాంతంలో మిట్టమధ్యాహ్నమైనా సూర్యుడు సుమారు 48 డిగ్రీల ఎత్తుకు మించడు, అందువల్ల పక్కింటి పనసచెట్టు నీడ రెండింటికే ట్యూబుల మీదికి వచ్చేసింది. కొమ్మ కొట్టించడానికి వారిని ఒప్పించేసరికి సంక్రాంతి దాటిపోయింది.

ఇక పగిలిన ట్యూబులు. ఒకటి వడగళ్లకు పోయింది, దానికి ఎవరినీ అనేది లేదు. రెండోది నా నిర్వాకం. 2021 ఏప్రిల్‌లో రెండు రోజులు కరెంటు లేక మేడమీద ట్యాంకు ఖాళీ అయింది. హీటరు పక్కన చేసిన చిన్న మరమ్మతు కోసం దానిలో నీళ్లు కూడా వదిలేశాము. కరెంటు రాగానే మధ్యాహ్నం ఒంటిగంటకు, ట్యూబులు వట్టివై ఎండలో మాడుతున్నాయన్న ఆలోచన లేకుండా మోటారు వేశాను. చన్నీళ్లు తగిలీ తగలగానే టపాసు పేలినట్టు చప్పుడైంది. ఈ రకంలో ట్యూబులోని నీరూ ట్యాంకులోని నీరూ ఒక్కటే కనుక, ఒక ట్యూబు పోతే ట్యాంకు నిలవదు; పైకి పరుగెత్తేసరికి పోసిన నీళ్లు పోసినట్టే మేడంతా పారుతున్నాయి. కొత్త ట్యూబు జయపురం నుంచి తెప్పించడానికి నాలుగు రోజులు, 700 రూపాయలు పట్టాయి. మెకానిక్ చెప్పిన మాట ఒక్కటే: ట్యూబులు ఖాళీ అయితే వాటిపై దుప్పటి కప్పి, పొద్దు వాలాక గానీ తెల్లవారుజామున గానీ నీళ్లు పట్టాలి.

ట్యూబు అడుగున వెండిలా మెరిసే పూత ఒకటి ఉంటుంది. లోపలికి గాలి చొరబడితే అది తెల్లగా పాలిపోతుంది. ఏడాదికోసారి నేను వంగి చూసేది ఆ ఇరవై మచ్చలనే; ఇప్పటికి ఒక్కటి తెల్లబడింది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ కూడా లోపల ఉంటుంది. దానిని మార్చాలని ఎవరూ చెప్పలేదు. అయిదో ఏట విప్పించి చూస్తే నడిమి తీగ మాత్రమే మిగిలి ఉంది.

డబ్బు లెక్క చూద్దాము. 150 లీటర్ల నీటి వేడిని 25 డిగ్రీలు పెంచడానికి సుమారు 4.4 యూనిట్ల కరెంటు కావాలి. చలికాలం 130 రోజులకు అది 570 యూనిట్లు. మిగతా నెలల్లో పెద్దవాళ్ల స్నానాలకు మరో నూట ముప్పై వేసుకుంటే ఏడాదికి 700. మా బిల్లులో ఎక్కువ భాగం పడే శ్లాబులో యూనిట్ 4 రూపాయల 80 పైసల చొప్పున 3,360 రూపాయలు మిగిలినట్టు. మూడేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుందని దుకాణంలో చెప్పారు. నా లెక్కలో తొమ్మిదిన్నరేళ్లు, మరమ్మతులు కలిపితే పదకొండు దాటుతుంది. ఇద్దరే ఉండే ఇంటికి నేను దీనిని కొనమనను. ఆరుగురున్న ఇంట్లో, ఓల్టేజీ నిలవని ఉదయాల్లో, పొయ్యి మీద కాగు పెట్టకుండా అందరికీ వేడి నీళ్లు అందడానికి మాత్రం ఈ ఖర్చు నాకు ఎక్కువనిపించలేదు.

సబ్సిడీ వస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. నీళ్లు కాచే హీటర్లకు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం మేడమీద కరెంటు పుట్టించే పలకలకే వర్తిస్తుంది, గరిష్ఠంగా 78,000 రూపాయల దాకా ఇస్తుంది. ఇవాళ కొత్తగా పెట్టించాల్సి వస్తే నేను కూడా పలకలా, ట్యూబులా అని ఆలోచనలో పడతాను.

మొన్న మా వీధిలో ఒకరు హీటరుకు అడ్వాన్సు ఇచ్చి వచ్చామని చెప్పగానే, నేను టేపు పట్టుకుని వాళ్ల మేడ ఎక్కాను. వాళ్లు అనుకున్న చోటు నుంచి కుళాయికి పదహారు మీటర్లు వచ్చింది. నీళ్ల ట్యాంకు పక్కకు జరిపితే ఆరు.