జట్టు పోయిన ఊరి నుంచి పోర్ట్‌లాండ్‌కి: మంచి మ్యాచ్, పాడు హోటల్

పోర్ట్‌లాండ్ వెళ్లి బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడాలనుకునే సియాటిల్ వాళ్లకు ముందే ఒక మాట చెప్పేస్తాను. రైల్లో వెళ్లండి, మ్యాచ్ తప్పకుండా చూడండి, కానీ "అరీనాకి నడిచి వెళ్లేంత దూరం" అని గదులు అమ్మే హోటళ్లను మాత్రం వెంటనే నమ్మకండి. మేము నమ్మాం. తిరిగొచ్చిన వారంలోనే మా క్రెడిట్ కార్డు మీద 250 డాలర్లు వేశారు. గదిలో సిగరెట్ కాల్చామని జరిమానా అట. మా నలుగురిలో ఎవరికీ ఆ అలవాటు లేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

అసలు మా సియాటిల్‌లో మా బాస్కెట్‌బాల్ జట్టు సోనిక్స్ ఇంకా ఉండి ఉంటే ఈ బస గొడవే ఉండేది కాదు.

పెళ్లయి నేను సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్ వచ్చింది 1995లో. ఆ ఏడాదే సోనిక్స్ ఆడే కీ అరీనాని పూర్తిగా బాగుచేసి మళ్లీ తెరిచారు. సోనిక్స్ ఆ సీజన్‌లో 64 మ్యాచ్‌లు గెలిచారు. నాకు అప్పటికి ఈ ఆట గురించి ఏమీ తెలియదు. సాయంత్రం వంట చేసుకుంటూ రేడియోలో కెవిన్ కలాబ్రో వ్యాఖ్యానం వినడంతో మొదలైంది. ఆయన గొంతు పైకి లేచిందంటే మా ఆటగాడు షాన్ కెంప్ ఏదో చేశాడని అర్థమయ్యేది, పోపు మాడినా సరే టీవీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. లీగ్ (ఎన్‌బీఏ) ఫైనల్స్‌లో చికాగో చేతిలో మొదటి మూడు మ్యాచ్‌లూ పోయాయి. ఇక అయిపోయిందని ఆఫీసులో అందరూ అనేశారట. నాలుగో మ్యాచ్‌లో మా గ్యారీ పేటన్ వాళ్ల జోర్డాన్‌ని అడ్డుకోవడానికి వెంటపడ్డాడు, ఇరవై పాయింట్ల పైచిలుకు తేడాతో గెలిచాం. ఐదోది కూడా మనదే. ఆరోది చికాగోలో పోయింది. పోతే పోయింది, ఆ రెండు రాత్రులతో ఈ ఊరు నాకు సొంత ఊరైంది. అంతకుముందు వరకు వాన, మబ్బు తప్ప ఇక్కడ నాదనిపించేది ఏమీ ఉండేది కాదు.

మ్యాచ్‌కి వెళ్లడం కూడా ఎంత తేలికో! బస్సులో డౌన్‌టౌన్, అక్కడ మోనోరైలు ఎక్కితే సియాటిల్ సెంటర్, దిగి కాస్త నడిస్తే అరీనా. మోనోరైలు, అరీనా రెండూ 1962 వరల్డ్ ఫెయిర్ కోసం కట్టినవే. పైన ఆఖరి వరసల్లో టికెట్లు పది, పదిహేను డాలర్లకు దొరికిన రోజులున్నాయి. రాత్రి పదకొండుకల్లా ఇంట్లో ఉండేవాళ్లం.

2006లో అప్పటి ఓనరు హోవార్డ్ షుల్జ్ బృందం జట్టుని 350 మిలియన్ డాలర్లకు ఓక్లహామా సిటీ వాళ్లకు అమ్మేసింది. కొత్త ఓనర్లు జట్టుని ఇక్కడే ఉంచుతారని అప్పట్లో చెప్పిన మాటలు ఎవరు నమ్మారో నాకు తెలియదు, మా ఆయన మాత్రం నమ్మారు. 2008 ఏప్రిల్ 13న డల్లాస్‌తో ఆఖరి హోమ్ మ్యాచ్. గెలిచాం. గెలిచాక కూడా జనం కదల్లేదు, "సేవ్ అవర్ సోనిక్స్" అని అరుస్తూనే ఉన్నారు. అప్పటికి మొదటి సీజన్ ఆడుతున్న కెవిన్ డ్యురాంట్ చేతులెత్తి ఇంకా గట్టిగా అరవమన్నాడు. జులై 2న నగరానికీ ఓనర్లకూ రాజీ కుదిరింది, 45 మిలియన్లు ఇచ్చి, అరీనా లీజు ఇంకా రెండేళ్లు ఉండగానే ఓనర్లు జట్టుని ఓక్లహామా సిటీకి తీసుకుపోయారు. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రస్సెల్ వెస్ట్‌బ్రూక్‌ని సియాటిల్ పేరు మీద తీసుకుని అప్పటికి వారం కూడా కాలేదు. సోనిక్స్ పేరు, ఆకుపచ్చ, పసుపు రంగులు మాకే వదిలేశారు. కానీ లీగ్ లెక్కల్లో 1979లో లెనీ విల్కెన్స్ కోచ్‌గా సోనిక్స్ గెలిచిన కప్పు ఓక్లహామాకి పోయిన ఆ ఫ్రాంచైజీ ఖాతాలోనే ఉంటుంది. ఆ సంగతి ఎత్తితే మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలు ఆగిపోతాయి.

ఈ సీజన్‌లో పోర్ట్‌లాండ్‌కి వచ్చేది ఎవరో చూసి టికెట్లు కొన్నది మా అబ్బాయి. కొన్నాక చెప్పాడు, ఎదుటి జట్టు ఓక్లహామా సిటీ థండర్ అని, అంటే మా నుంచి పోయి పేరు మార్చుకున్న ఆ జట్టే. మా ఆయన ఆ పేరు పలకరు, "వాళ్లు" అంటారు. రెండు రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. చివరికి మా మరిది సర్ది చెప్పాడు, "అన్నయ్యా, మనం చూడ్డానికి వెళ్లేది పోర్ట్‌లాండ్‌ని. వాళ్లు ఓడిపోతే మనకే ఆనందం" అని. పేటన్ 20వ నంబరు చొక్కా బయటికి తీశారు. అక్షరాల అంచులు లేచిపోయాయి, దాన్ని ఉతకనివ్వరు. చేత్తో తడిపి ఆరేసుకుంటారు.

కింగ్ స్ట్రీట్ స్టేషన్‌లో ఆమ్‌ట్రాక్ కాస్కేడ్స్ ఎక్కాం. మనిషికి 41 డాలర్లు, మూడున్నర గంటలు. టకోమా దగ్గర ఐ-5 హైవే మీద కారులో ఇరుక్కుని ఆ తర్వాత కొలంబియా నది వంతెన దగ్గర మళ్లీ ఇరుక్కోవడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. ఒక్క బాధ ఉంది. ఇదివరకు టకోమా దాటాక రైలు నీళ్ల పక్కనే, నేరోస్ వంతెన కిందుగా వెళ్లేది. 2021 నవంబరు నుంచి లోపలి దారికి మార్చేశారు. ఇప్పుడు ఆ చోట హైవే, గోడౌన్లే కనిపిస్తాయి. కాస్త సమయం మిగిలిందంటారు. నాకు ఆ సమయం వద్దు, ఆ నీళ్లు కావాలి.

రాత్రి ఏడింటికి మొదలైన మ్యాచ్ అయ్యేసరికి తిరుగు రైలు ఉండదు. అందుకే గది తప్పదు. హోటల్ ఊరి మధ్య నదికి అరీనా ఉన్న వైపే తీసుకున్నాం. రెండు గదులకు పన్నులతో 438 డాలర్లు. ఒరెగాన్‌లో సేల్స్ టాక్స్ లేదని అందరం మురిసిపోతాం, గది మీద పన్ను మాత్రం గట్టిగానే వేస్తారు. మా గది ఫరవాలేదు. మరిది, అబ్బాయిల గది తలుపు తీయగానే పాత సిగరెట్ కంపు గుప్పుమంది. అద్దం మీద "పొగ తాగరాదు" అని స్టిక్కర్, దాని పక్కనే ఉన్న కర్టెన్ అంచున కాలిన మచ్చ. దుప్పటి తీస్తే కింది పక్కగుడ్డలో మిరియపు గింజంత చిల్లు, చుట్టూ గోధుమ రంగు. మా వాడు అన్నీ ఫోన్లో ఫొటోలు తీశాడు.

నేను, మరిది కిందికి వెళ్లి చెప్పాం. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు కంప్యూటర్ వైపు కూడా చూడలేదు, "అన్నీ నిండిపోయాయి, మ్యాచ్ ఉంది కదా" అన్నాడు. కనీసం పక్కగుడ్డలు మార్చమన్నాం. మార్చే మనిషి వెళ్లిపోయిందట. ఒక స్ప్రే డబ్బా చేతికిచ్చాడు. దాన్ని కొడితే సిగరెట్ కంపుకి నిమ్మకాయ వాసన తోడై ఇంకా కడుపులో తిప్పింది. "వదినా, నేను రాత్రంతా రైల్వే స్టేషన్‌లో కూర్చుంటా" అన్నాడు మరిది. అతను హాస్యానికి అనలేదు, ఆస్తమా ఉంది. మా గది వాళ్లకిచ్చి మేము ఆ గదిలోకి మారాం. నేను హోటల్ నంబరుకి మెసేజ్ పెట్టాను: గది నంబరు, కంపు, కాలిన చిల్లు, మార్చమంటే మార్చలేదని, టైముతో సహా. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబు వచ్చింది. ఆ ఒక్క వాక్యమే తర్వాత మా 250 డాలర్లు కాపాడింది.

పది నిమిషాల నడక అని చెప్పింది కూడా అబద్ధమే. హైవే కిందుగా, సరైన దీపాలు లేని రోడ్డు మీద, వానలో ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. మా ఆయనకి మోకాలి నొప్పి. అరీనా చేరేదాకా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అక్కడ రోజ్ క్వార్టర్ అనే చోట రెండు అరీనాలు పక్కపక్కనే ఉంటాయి. కొత్తది మోడా సెంటర్, 1995లో కట్టింది. దాని పక్కన పాత మెమోరియల్ కొలీజియం, నాలుగు వైపులా అద్దాల గోడలు, లోపల కుర్చీల గిన్నె ఏ గోడకీ ఆనకుండా విడిగా నిలబడి ఉంటుంది. 1977లో బిల్ వాల్టన్ ఆడిన పోర్ట్‌లాండ్ జట్టు కప్పు గెలిచింది అందులోనే. మరుసటి ఏడాది ప్లేఆఫ్స్‌లో ఆ ఛాంపియన్లను ఇంటికి పంపింది మన సోనిక్సే. అక్కడి నుంచి వాళ్లకీ మనకీ వైరం. ఊళ్లోకి ఇంకో అరీనా వచ్చినా ఆ పాతదాన్ని పడగొట్టకుండా ఉంచుకున్నందుకు పోర్ట్‌లాండ్ వాళ్లంటే నాకు గౌరవం.

టికెట్లు పై అంతస్తులో, అన్ని ఫీజులతో కలిపి ఒక్కోటి 67 డాలర్లు. కోర్టు మొత్తం చక్కగా కనిపించింది. ఇంకా ముందు వరసలకి రెండింతలు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం. పైనుంచి చూస్తేనే ఎవరు ఎటు కదులుతున్నారో తెలుస్తుంది. పిజ్జా ముక్క 12 డాలర్లు, చల్లగా ఉంది. బయటే తిని వెళ్లండి.

నడవాలో ఎటు చూసినా నాలుగైదు ఆకుపచ్చ సోనిక్స్ చొక్కాలు కనిపించాయి. కెంప్ 40, రే ఆలెన్ 34, ఒకాయన దగ్గర జాక్ సిక్మా 43. ముక్కూ మొహం తెలియని వాళ్లు మా ఆయన చొక్కా చూసి తలూపి వెళ్తున్నారు. మూతి ముడుచుకుని వచ్చిన మనిషి ఆ నడవాలో మొదటిసారి నవ్వారు.

మా పక్క సీటులో డెబ్బై దాటిన ఒకావిడ. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఆ అద్దాల అరీనాకి వెళ్లేదట, ఇప్పటికీ సీజన్ టికెట్ ఉంది. చొక్కా చూడగానే, "మీ జట్టంటే నాకు ఒళ్లు మంట. అది పోయిన రోజు మాత్రం నా సొంత జట్టుకే అలా అయినట్టు ఏడ్చాను. సియాటిల్ వాళ్లు లేకపోతే మాకు ఎవరితో పోట్లాట?" అంది. మా ఆయన అరగంట సేపు ఆవిడతో 1978 గురించి మాట్లాడారు. ఆవిడ వాల్టన్ కాలి ఎముక విరిగింది కాబట్టి మీరు గెలిచారంటుంది, ఈయన కాదంటారు. ఆయన అంత హాయిగా వాదించడం నేను చూసి చాలా ఏళ్లయింది.

థండర్ ఆటగాడు షే గిల్జస్-అలెగ్జాండర్ బంతి పట్టుకున్నప్పుడల్లా అరీనా అంతా గోల చేసింది. అతను తొందరపడకుండా ఒక భుజం ముందుకు వేసి, ఆగి, ఎదుటివాడు గాల్లోకి లేచాక తీరిగ్గా బంతి వేస్తాడు. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. వాళ్ల నాన్న అటు తిరిగి చూశారు. "మనవాళ్లని తీసుకుపోయినప్పుడు అతనికి పదేళ్లు కూడా లేవు నాన్నా, అతన్నెందుకు తిట్టాలి?" అన్నాడు వాడు. జట్టు పోయినప్పుడు వీడికి రెండేళ్లు. తనదంటూ ఒక్క జట్టు లేకుండా ఈ ఆటని ప్రేమించాడు, పాపం, వాడికి ఎవరు బాగా ఆడితే వాళ్లే ఇష్టం. మా ఆయన జవాబు చెప్పలేదు కానీ నాలుగో క్వార్టర్‌లో అతను వేసిన ఒక షాట్‌కి "అబ్బ" అన్నారు. నేను విన్నాను.

రాత్రి ఆ గదిలో కిటికీ తెరిచి, చలిలో కోట్లు వేసుకునే పడుకున్నాం. మర్నాడు పొద్దున పవెల్స్ పుస్తకాల షాపు బాగుంది. తిరుగు రైలు గూడ్స్ బండి కోసం యాభై నిమిషాలు ఆగింది.

ఆ తర్వాతే జరిమానా. ఫోన్ చేస్తే మేనేజరు, పక్కగుడ్డలో చిల్లు మేమే చేశామని క్లీనింగ్ వాళ్లు రాశారన్నాడు. మధ్యాహ్నం 4:20కి, గదిలో అడుగుపెట్టిన అయిదు నిమిషాలకి తీసిన ఫొటోలు, మెసేజ్ పంపాను. "మా రూల్ ఇంతే" అని ఫోన్ పెట్టేశాడు. కార్డు కంపెనీలో డిస్‌ప్యూట్ వేసి అవన్నీ జతచేశాను. కొన్ని వారాల్లో డబ్బు మొత్తం తిరిగొచ్చింది. బిల్లు పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా అడగాలి, అది దాటితే హక్కు పోతుంది. హోటల్లో ఏ ఫిర్యాదు చేసినా నోటితో చెప్పి ఊరుకోకండి, మెసేజ్‌లో పెట్టండి. సామాను దింపకముందే గది ఫొటోలు తీయండి.

ఇంకోసారి వెళ్తే నదికి ఇవతల పోర్ట్‌లాండ్ డౌన్‌టౌన్‌లోనే గది తీసుకుంటాం, పయనీర్ కోర్ట్‌హౌస్ స్క్వేర్ చుట్టుపక్కల. అక్కడి నుంచి మ్యాక్స్ అనే సిటీ రైలు స్టీల్ బ్రిడ్జి దాటి అరీనా ముందు దింపుతుంది, టికెట్ 2 డాలర్ల 80 సెంట్లు, రెండున్నర గంటలు చెల్లుతుంది. మా ఆయన మార్చిలో తేదీలు అడుగుతున్నారు. ఆ పెద్దావిడ సీటు నంబరు కూడా రాసి పెట్టుకున్నారు.