కమార్గ్ కరకట్ట మీద సైకిల్ యాత్ర: గాలి, ఇసుక, ఉప్పు

దక్షిణ ఫ్రాన్స్‌లో రోన్ నది ఆర్ల్ పట్నం దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల మధ్య ఉన్న పెద్ద లంక పేరు కమార్గ్. లంక నడుమ వక్కారెస్ అనే ఉప్పుకయ్య ఉంది. విస్తీర్ణం సుమారు 6,500 హెక్టార్లు ఉన్నా లోతు మాత్రం ఎక్కడా రెండు మీటర్లు దాటదు. ఆ కయ్యనూ దాని చుట్టూ ఉన్న చిత్తడి నేలలనూ కలిపి 1927లో అభయారణ్యం చేశారు. ఇప్పుడు అది 13,000 హెక్టార్ల పైచిలుకు. సైకిల్ మీద వచ్చేవాళ్లకు ఇక్కడ అసలు విలువైనది దక్షిణపు అంచున ఉన్న సముద్రపు కరకట్ట. 1859లో పూర్తయిన ఈ కట్ట మీద సాంత్-మారీ-ద-లా-మేర్ ఊరి నుంచి గాషోల్ లైట్‌హౌస్ దాకా, అంటే సుమారు 13 కి.మీ., కార్లను రానివ్వరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుకయ్యలు, వాటిలో ఫ్లెమింగోల గుంపులు. చైను చప్పుడు, పక్షుల అరుపులు తప్ప ఇంకేం వినపడదు.

మ్యాపులో చూస్తే ఇది గంట ప్రయాణంలా కనిపిస్తుంది. అక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. ఎక్కుడు, దిగుడు లేని ఈ నేల మీద గాలే ఎక్కుడు. ఉత్తరం, వాయవ్యం నుంచి వీచే మిస్త్రాల్ మొదలైతే రోజుల తరబడి ఆగదు. సామాను కట్టిన సైకిల్ ఎదురుగాలిలో గంటకు 8, 10 కి.మీ. మించి కదలదు. అదే సైకిల్ గాలి వీపున ఉంటే 25 దాకా వెళ్తుంది. కట్ట దాదాపు పడమర నుంచి తూర్పుకు పోతుంది కాబట్టి వాయవ్యపు గాలి రోజున సాంత్-మారీ నుంచి బయలుదేరితే వెళ్లేటప్పుడు హాయి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు నరకం. ఆ రోజు లైట్‌హౌస్ వైపు నుంచి మొదలుపెట్టి, కాళ్లలో సత్తువ ఉండగానే పడమరకు తొక్కి, తిరుగు ప్రయాణం గాలికి వదిలెయ్యడం మంచిది. ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి వీచే రోజున ఇది తిరగబడుతుంది. అలాంటి రోజుల్లో అలల తుంపర కట్ట మీదకు కొడుతుంది, గుంటల్లో ఉప్పునీరు నిలుస్తుంది. ముందు చక్రానికి పెద్ద సంచులు తగిలించుకుంటే పక్కగాలి హ్యాండిల్‌ను లాగేస్తుంది. బరువంతా వెనక, వీలైనంత కిందకు కట్టుకోవాలి.

దారి తారు కాదు. గట్టిపడిన మట్టి, కంకర, గుంటలు, మధ్యమధ్యలో సముద్రం ఎగదోసిన ఇసుక మేటలు. తుపాను వచ్చిపోయిన ప్రతిసారీ మేటల చోటు మారిపోతుంది. పోయినేడు ఎవరో ‘అంతా బాగుంది’ అని రాసిన మాట ఈ ఏటికి పనికిరాదు. సన్న టైర్ల రోడ్డు సైకిల్ ఇక్కడ దిగబడుతుంది. కనీసం 40 మి.మీ. టైరు ఉండాలి, 45 నుంచి 50 అయితే నిశ్చింత. 45 మి.మీ. టైరుకు సామానుతో గట్టి దారిలో 2.5 బార్ గాలి సరిపోతుంది. ఇసుక మొదలైన చోట 1.8కి దించండి. టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. అంతకంటే దించితే గుంటలో పడ్డప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ఇసుకలో హ్యాండిల్ తిప్పకూడదు, బ్రేకు వెయ్యకూడదు. చిన్న గేరులో కాలు ఆపకుండా తిన్నగా తొక్కాలి. ముందు చక్రం దిగబడిందంటే దిగి నెట్టడమే. మొండిగా తొక్కితే చైను మీదకు ఇసుక చేరడం తప్ప లాభం లేదు.

అంచుల్లో పల్లేరు కాయలు ఉంటాయి కాబట్టి సైకిల్ పక్కన పెట్టేటప్పుడు గడ్డిలోకి దింపకండి. పంక్చరు పడితే చిల్లు వెతకడం కంటే ముల్లు వెతకడం ముఖ్యం. దాని మొన బయటికి కనపడదు. టైరు లోపలి వైపు మెత్తటి గుడ్డతో నెమ్మదిగా తుడుచుకుంటూ వెళ్తే గుడ్డ ఎక్కడో ఒక చోట పట్టుకుంటుంది. ముల్లు అక్కడే. పట్టకారుతో దాన్ని తీసి, లోపల ఒక్క ఇసుక రేణువు కూడా లేకుండా తుడిచాకే కొత్త ట్యూబు ఎక్కించాలి. టైరుకూ ట్యూబుకూ మధ్య చిక్కిన రేణువు ఆకురాయిలా రాసి, కొన్ని కిలోమీటర్లకే మళ్లీ చిల్లు చేస్తుంది. అతుకు వెయ్యడం రాత్రి బసలో చూసుకోవచ్చు. దారిలో ట్యూబు మార్చడమే తొందరగా అయ్యే పని, అందుకే మనిషికి రెండు ట్యూబులు ఉండాలి.

కట్ట మీద నీడ లేదు, నీళ్లు లేవు, తినడానికి ఏమీ దొరకదు. 1882 నాటి గాషోల్ లైట్‌హౌస్ దగ్గర చిన్న ప్రదర్శన ఉంది. అది వారాంతాల్లో, స్కూలు సెలవుల్లో తెరుస్తారు. అక్కడ నీళ్లు నింపుకుందామన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. ఎండాకాలంలో పోయిరావడానికి మనిషికి మూడు లీటర్లు కావాలి.

లైట్‌హౌస్ నుంచి రెండు దారులు. తూర్పుకు పోతే సలాన్-ద-జిరో అనే ఊరు. సాంత్-మారీ నుంచి అక్కడికి మొత్తం 25 కి.మీ. పైనే. దారిలో ఫంగస్సియే అనే ఉప్పుకయ్య తగులుతుంది. ఫ్లెమింగోలు గూళ్లు పెట్టుకునేందుకు 1970లో అందులో మట్టితో ఒక దీవి కట్టారు. ఉత్తరానికి తిరిగితే డి-36బి రోడ్డు వక్కారెస్ తూర్పు ఒడ్డు వెంట పోతుంది. ఇక్కడ కార్లు తిరుగుతాయి కానీ తక్కువ. లా కపెలియేర్‌లో అభయారణ్యం సమాచార కేంద్రం, 1.5 కి.మీ. కాలిబాట, పక్షుల్ని చూసే మాటు గుడిసెలు ఉన్నాయి. అక్కడ గంటసేపైనా ఆగాలి.

వక్కారెస్ చుట్టూ పూర్తిగా తిరగాలనే కోరిక సహజమే. మొత్తం 75 కి.మీ. దాటుతుంది. అయితే ఉత్తరాన డి-37, పడమర డి-570 మీద వాహనాలు జోరుగా పోతాయి. చుట్టు పూర్తి చేశామన్న తృప్తి కోసం సగం రోజు లారీల గాలి తినడం దండగ. అదే కరకట్ట మీద ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరిగితే వెలుగు మారుతుంది, పక్షులు మారతాయి. కార్లు లేని దారి కోసమే వచ్చినవాళ్లకు పోయిరావడమే సరైన పద్ధతి.

బస విషయానికొస్తే, సాంత్-మారీలో అన్నీ దొరుకుతాయి: హోటళ్లు, అద్దె సైకిళ్లు, అంగళ్లు. ఊరికి తూర్పున ఉన్న లా బ్రీజ్ క్యాంపింగ్ కరకట్ట మొదలుకు దగ్గర. పడమర వైపున్న క్లో ద్యు రోన్ అయితే పొద్దున్నే ఊరు దాటి రావాలి. ఎక్కడ గుడారం వేసినా ఇసుకలో మామూలు సన్న మేకులు నిలవవు. వెడల్పు రేకు మేకులు తెచ్చుకుని, గుడారం ఇరుకు వైపు గాలికి ఎదురు పెట్టాలి. జులై, ఆగస్టు నెలల్లోనూ, మే 24, 25 తేదీల్లో జిప్సీల యాత్ర జరిగేటప్పుడూ ముందే బుక్ చేసుకోకపోతే చోటు దొరకదు. సలాన్-ద-జిరో ఉప్పు, సోడా కంపెనీలు తమ కార్మికుల కోసం కట్టిన ఇటుక ఇళ్ల ఊరు. ప్రశాంతంగా ఉంటుంది, వసతులు తక్కువ. తూర్పు సగం చూసేవాళ్లకు నప్పుతుంది.

పక్షుల మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు లా కపెలియేర్‌కు దక్షిణంగా 7 కి.మీ. దూరంలోని సలాన్-ద-బదోన్ బసను ముందుగా బుక్ చేసుకోవాలి. అది అభయారణ్యం లోపలే ఉంది. వంటగది ఉంటుంది. తిండి, తాగునీళ్లు, పక్కబట్టలు, దోమల మందు అన్నీ మనమే మోసుకెళ్లాలి. బరువు నాలుగైదు కిలోలు పెరిగినా, తెల్లవారకముందే మాటు గుడిసెలో కూర్చునే వీలు ఇంకే బసా ఇవ్వదు. అభయారణ్యంలో ఎక్కడపడితే అక్కడ గుడారం వెయ్యడం, గుర్తులు పెట్టిన దారి దాటి ఇసుక దిబ్బల్లోకి దిగడం నిషేధం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉల్లంకి జాతి పక్షులు అక్కడ నేల మీదే గుడ్లు పెడతాయి. ఇసుక రంగులో కలిసిపోయే ఆ గుడ్లు చక్రం కింద పడేదాకా కంటికి ఆనవు.

ఆర్ల్‌కు రైల్లో వచ్చి వయారోనా సైకిల్ మార్గం మీద పోర్-సాన్-లూయీ వైపు దిగి, బర్కరాన్ దగ్గర పంటు మీద పెద్ద రోన్ (నది తూర్పు పాయ) దాటితే సలాన్-ద-జిరో చేరొచ్చు. కొన్ని చోట్ల మామూలు రోడ్డెక్కాల్సి వచ్చినా, డి-570 మీద నేరుగా సాంత్-మారీకి తొక్కడం కంటే ఇదే నయం.

వేసవి చివర్లో దోమలు విపరీతం. సైకిల్ కదులుతున్నంతసేపు అవి దగ్గరికి రావు, ఆగిన నిమిషంలో ముసురుతాయి. కాబట్టి పంక్చరు పడితే రెల్లు పొదల చాటున కాకుండా గాలి తగిలే చోటికి నెట్టుకెళ్లి విప్పుకోండి. మార్చి, ఏప్రిల్ మొదటి వారాలు మంచివి. చలికి ఓర్చుకునేవాళ్లకు నవంబరు చివర కూడా బాగుంటుంది.

సాయంత్రం బసకు చేరగానే ముందు సైకిల్ కడగాలి, స్నానం ఆ తర్వాతే. చైను లింకుల మధ్య సన్నటి తెల్ల పొర కనపడుతుంది. అది ఉప్పు. గాలిలో తేమను లాక్కుంటూ రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. రెండు సీసాల మంచినీళ్లు పైనుంచి ధారగా పోస్తే చాలు. ప్రెజర్ పైపు వాడితే ఉప్పునీరు బేరింగుల్లోకి దూరుతుంది. గుడ్డతో తుడిచి, అరగంట ఆరనిచ్చి, లింకుకు ఒక చుక్క చొప్పున నూనె వేసి, పెడల్ పది చుట్లు వెనక్కి తిప్పి, పైన మిగిలిన నూనె తుడిచెయ్యండి. తడి చైను మీద నూనె వేస్తే ఉప్పునీరు లోపలే ఉండిపోతుంది. నూనె చేతులతో డిస్క్ బ్రేకు రేకును మాత్రం ముట్టుకోవద్దు.