సంతకం లేని జింక బొమ్మ: వన్‌టౌన్ పాత సామాన్ల కొట్లో 1,800కి కొనొచ్చా?

విజయవాడ వన్‌టౌన్‌లో ఓ పాత సామాన్ల కొట్టు సరుకిది. 14 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు, అద్దం వేసిన ఫ్రేము. కొమ్ములే చెట్టయి పైకి పాకిన జింక, ఆ కొమ్మల మీద నాలుగు పిట్టలు. సంతకం లేదు. చెప్పిన ధర 3,500, బేరమాడితే 1,800కి దిగారు. ‘వందేళ్లనాటి ఆదిలాబాద్ గోండుల పెయింటింగండీ’ అని అమ్ముతున్నారు. ధర ఫరవాలేదు గానీ ఆ మాటలో రెండు తప్పులున్నాయి.

ఆదిలాబాద్‌లోనూ గోండులు, వాళ్ల కథలు పాడే పర్ధాన్లు ఉన్నారు. కానీ ఈ చెట్టుకొమ్ముల జింక మధ్యప్రదేశ్‌ది, దిండోరి జిల్లా పాటన్‌గఢ్ చుట్టుపక్కల పర్ధాన్ గోండుల శైలి. మట్టిగోడల మీద వేసుకునే ఆ బొమ్మలు కాగితం మీదికి, క్యాన్వాసు మీదికి ఎక్కింది 1980ల్లో. భోపాల్ భారత్ భవన్ అనే కళాకేంద్రం కోసం కళాకారుల్ని వెతుకుతూ వెళ్లిన చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం కంట ఆ ఊరి కుర్రాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పడ్డాకే. కాగితం మీద ఈ బొమ్మ వందేళ్లనాటిది ఎలా అవుతుంది?

అసలు ముందు చూడాల్సింది వయసు కాదు, చేత్తో వేసిందా ప్రింటా అన్నది. కంసాలి కంటికి పెట్టుకునే పది రెట్ల లెన్సు చాలు. ఆఫ్‌సెట్ ప్రింటయితే నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుమిగూడి కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అయితే గీత అంచున సన్నటి తుంపర. ఈ జింకలో రెండూ లేవు. సెల్‌ఫోను టార్చి పక్కవాటుగా వేస్తే చుక్కలు కాగితం మీద ఉబ్బెత్తుగా నిలుస్తాయి. మెడ దగ్గర వరస చూడండి: కుంచె రంగులో ముంచిన చోట చుక్క లావు, పోను పోను సన్నబడి, మళ్లీ ముంచగానే లావు. మిషను ఇలా అలసిపోదు.

చేతిపనే అని తేలాక, ఎవరి శైలో ఒంటి నింపుడు, అంటే బొమ్మ ఒంట్లో నింపే చుక్కలు, గీతల తీరు, చెబుతుంది. భిల్లు ఆదివాసులు రంగురంగుల చుక్కలతోనే ఒళ్లంతా నింపుతారు. మహారాష్ట్ర ఆదివాసుల వార్లీ బొమ్మ ఎర్రమట్టి రంగు మీద తెల్లగా, త్రికోణాల ఒళ్లతో ఉంటుంది, దాన్ని పోల్చుకోవడం తేలిక. గోండు బొమ్మలో ముందు ఆకారం, తర్వాత చదునుగా రంగు, దాని మీద గీతలో, చుక్కలో, చేప పొలుసులో వరసలు. పేరున్న ఒక్కొక్కరికీ ఒక్కో నింపుడు ఉంటుంది. అలాగని నింపుడు చూసి పేరు చెప్పేయకూడదు. ఒకరి దగ్గర ఇంట్లోవాళ్లు, శిష్యులు నేర్చుకుంటారు, అదే వరస వాళ్ల చేతుల్లోనూ వస్తుంది. ఈ జింక ఒంటి మీద దువ్వెన పళ్లలాంటి గీతలు పొట్ట వంపు వెంట వంగి, మెడ దగ్గర దగ్గరపడ్డాయి. మంచి చెయ్యి. చెట్టు ఆకుల్లో మాత్రం వడ్లగింజల్లాంటి చుక్కలు హడావుడిగా పడ్డాయి. ఇది రెండో చెయ్యి అని మా అంచనా. ఒకరు గీసి ఇంట్లోవాళ్లు నింపడం అక్కడ మామూలే.

ఫ్రేము విప్పకుండా ‘సంతకం లేదు’ అనకండి. చాలామంది కింది మూలన నాగరి లిపిలో చేస్తారు, అది మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు) కింద దాక్కుంటుంది. ఇక్కడ మౌంటు అర అంగుళం కప్పేసింది. ఎత్తి చూస్తే అక్కడా ఏమీ లేదు. వెనక పెన్సిలుతో వేసిన నాగరి అంకెలున్నాయి, వాటితో ఎవరు వేశారన్నది తేలదు. విప్పేటప్పుడు రంగు అద్దానికి అంటుకుని ఉంటే లాగొద్దు, పొరతో సహా ఊడి వస్తుంది.

ఫ్రేము నాసి. చవకరకం అట్ట మౌంటు, దాని ఆమ్లానికి కాగితం అంచున గోధుమరంగు గీత పడింది. కింద కుడి మూలన బూజు మచ్చలు. మన వానాకాలం చెమ్మకు అవి పెరిగేవే. ఆమ్లం లేని మౌంటు వేయించి, అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉంచమనండి. వాన కొట్టే బయటి గోడకు తగిలించకండి. తడిగుడ్డతో తుడిస్తే ఇంకు పెన్ను గీతలున్న చోట చెదిరిపోవచ్చు.

మా మార్కులు: బొమ్మకు 5కి 4, ఫ్రేముకు 2, కొట్టువాళ్ల మాటకు 1. బిల్లు మీద ‘పర్ధాన్ గోండు శైలి, కళాకారులు తెలియదు’ అని రాయించుకోండి. కొట్టువాళ్లే అచ్చువేసిన సర్టిఫికెట్టుకు విలువ లేదు. గోండు పెయింటింగ్‌కు 2023లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చిందని చెప్పి రేటు పెంచబోతే, ఆ గుర్తింపు ఈ ఒక్క బొమ్మకు ఇచ్చింది కాదని చెప్పండి. పేరు తేల్చుకోవాలంటే బొమ్మ మొత్తం, నాలుగు మూలలు, వెనక వైపు, స్కేలు పక్కన పెట్టి ఒంటి నింపుడు దగ్గరగా ఫొటోలు తీసి భోపాల్‌లోని గోండు కళాకారులకు చూపించాలి.

అదే కొట్లో 6,000 చెప్తున్న క్యాన్వాసు ఏనుగు జోలికి పోకండి. చేత్తో వేసినట్టు కనిపించాలని ప్రింటు మీద పారదర్శకమైన జెల్ పూశారు. కుంచె చారలు తొండం గీతను పట్టించుకోకుండా అడ్డంగా పోయాయి.